పెద్దమ్మ చెండు చూడలేదు

పోయిన వారం ఒకరోజు మధ్యాహ్నం ప్రాక్టీసు ముగించి ఫోను చేతిలోకి తీసుకుంటే, కల్పన చాలాసార్లు కాల్ చేసి ఉంది. తిరిగి చేశాను.

“అమ్మ పోయింది మే,” అంది.

గొర్రెల మంద దగ్గర ఛాతీలో నొప్పి వచ్చి కూర్చుందట. మడకశిర ఆసుపత్రికి తీసుకుపోయేలోపే అయిపోయిందట. “వస్తాండా,” అని మాత్రం అన్నాను. బస్సు ఎక్కినప్పటి నుంచీ మనసులో ఒకటే మెదిలింది: ఆ ఇంట్లో ఈ నాలుగేళ్ళలో వచ్చిన కష్టానికి ఒక కొసన నేను ఉన్నాను.

ఆమె నాకు రక్తసంబంధం కాదు. నా స్నేహితురాలు కల్పన వాళ్ళమ్మ. వాళ్ళది మడకశిర దగ్గర పల్లె, గొర్రెల మీద బతుకు. మాది గార్లదిన్నె వైపు, శెనక్కాయ సేద్యం. కల్పనా నేనూ అనంతపురంలో ఒకే హాస్టల్లో ఉండి, ఒకే సిమెంటు కోర్టులో బాస్కెట్‌బాల్ నేర్చుకున్నాం. వాళ్ళమ్మను మొదటి రోజు నుంచీ పెద్దమ్మా అనే పిలిచాను. హాస్టల్‌కు వచ్చినప్పుడల్లా ఇద్దరికీ కలిపి ఒకే గిన్నెలో రాగిసంగటి, ఊరిబిండి పచ్చడి తెచ్చేది. ఎదురుగా కూర్చుని, ఎవరు తక్కువ తింటే వాళ్ళను తిట్టేది. ఎక్కువసార్లు నేనే తిట్లు తిన్నాను.

పెద్ద నగరాల జట్లు ఆడే ఆడవాళ్ళ ప్రొఫెషనల్ లీగ్ ఒకటి ఉంది. దానికి బెంగళూరులో సెలక్షన్ పెడితే ఇద్దరం పోయాం. ఒక జట్టు కల్పనను తీసుకుంది. నన్ను రిజర్వులో పెట్టింది. అంటే, జట్టులో ఎవరికైనా దెబ్బ తగిలితే నన్ను పిలుస్తారు.

కల్పన బయలుదేరాల్సిన వారంలోనే అది జరిగింది. ప్రాక్టీసులో రింగుకు తగిలి వచ్చిన బంతి కోసం ఇద్దరం ఎగిరాం. నేను ముందు దిగాను. తను నా పాదం మీద దిగింది. మోకాలు పక్కకు తిరిగిపోయింది. ఆ శబ్దం నాకు వినపడింది. ఆటలో ఇట్లాంటివి మామూలేనని మా కోచ్ అన్నాడు. నొప్పితో పళ్ళు బిగించుకుని కల్పన కూడా అదే అంది. ఆ పాదాన్ని కొంచెం వెనక్కి తీసుకోగలిగేదాన్నా అని నేను ఇప్పటికీ ఆలోచిస్తాను.

కల్పన ఆసుపత్రిలో ఉండగానే జట్టు వాళ్ళు నాకు ఫోన్ చేశారు.

పెద్దమ్మ ఆసుపత్రి వరండాలో నేల మీద కూర్చుని ఉంది. దగ్గరికి పోలేక దూరంగా నిలబడ్డాను.

“ఈడికి రా మే. నీ పాదం చూపీ.”

చెప్పు విడిచి చూపించాను. వేళ్ళతో నొక్కి చూసింది.

“నీకేం కాలేదు గదా?”

“లేదు పెద్దమ్మా.”

“వాళ్ళు నిన్ను పిలిచినారంట.”

“నేను పోను.”

“నువ్వు పోకుంటే దాని మోకాలు బాగైతాదా?”

నేను విడిచిన చెప్పు కాలితో వెతుక్కున్నాను.

“కాదు గదా. నువ్వు ఈడనే కూర్చుంటే, నిన్ను చూసినప్పుడంతా అది నీకోసం గూడా ఏడ్చల్ల. పో.”

జట్టు నన్ను పిలిచిన సంగతి లోపలికి పోయి కల్పనకు చెప్పింది కూడా ఆమే.

పోయి జట్టులో చేరాను. నేను చెక్క నేల మీద ఆడింది అప్పుడే మొదలు. మా కోర్టులో ఎండాకాలం బూట్ల అడుగులు కాలి సిమెంటుకు అంటుకునేవి. అక్కడ నేలే మనిషిని పైకి లేపినట్టు ఉండేది. మొదటి మ్యాచుల్లో బెంచీ మీదే కూర్చున్నాను. జట్టు వరసగా ఓడిపోతుంటే అక్కడి కోచ్, ఒకావిడ, నన్ను దించింది. ఆ రోజు గెలిచాం. రింగు కింద నేను బంతి పట్టినప్పుడల్లా, ఎక్కడో పై వరసల్లో కూర్చున్న ముక్కూ మొహం తెలియని వాళ్ళు నా పేరు పెట్టి అరిచారు.

నాకు సంతోషం వేసింది. బాధపడుతూ ఆడి ఉంటే కల్పనతో ఫోన్లో మామూలుగా మాట్లాడగలిగేదాన్నేమో. కానీ పొద్దున లేస్తూనే ఎప్పుడెప్పుడు కోర్టుకు పోదామా అని ఉండేది. నా బతుకులో అంత మంచి రోజులు అంతకుముందు లేవు. అవి ఎట్లా వచ్చాయో తెలుసు కాబట్టి, నవ్విన ప్రతిసారీ లోపల ఏదో గుచ్చుకునేది. కల్పన ఆపరేషన్ కోసం మందలో సగం అమ్మేశారని తెలిసిన రోజు అన్నం ముట్టలేదు. మర్నాడు మ్యాచ్‌లో మళ్ళీ బాగా ఆడాను.

మ్యాచ్ అయ్యాక పెద్దమ్మ ఫోన్ చేసేది. ఫోన్‌లో ఆట ఎట్లా చూడాలో కల్పనే నేర్పించిందట.

“ఎట్ల ఆడినా పెద్దమ్మా?” అని అడిగాను ఒకసారి.

“నాకేం తెలుసు. నేను చెండు చూడలే. నీ కాళ్ళు చూస్తాంటి. నువ్వు ఎగిరినప్పుడంతా కింద ఎవురన్నా ఉండారేమో అని చూస్తాంటి.”

సీజన్ మధ్యలో ఇక ఉండబట్టలేక అడిగేశాను. “నామీద కోపముందా పెద్దమ్మా?”

“ఉండాది,” అంది.

నేను గది తలుపు వేసుకున్నాను.

“నిన్ను ఆ బట్టల్లో చూస్తే కడుపు మండుతాది. అవి నా బిడ్డ ఏసుకోవాల్సినవి. అయినా నీకు దెబ్బ తగులుతాదేమో అని గుండె దడదడ కొట్టుకుంటాది. రెండూ ఉండాయి నాకు. ఏం చేయమంటావ్?”

నేను ఏడుస్తున్నానని ఆమెకు తెలిసిపోయింది. “గమ్మునుండు,” అంది. “ఆడ సంతోషంగా ఉండావా?”

“ఉండా పెద్దమ్మా.”

“అయితే ఉండు. ఏడుస్తా ఆడేదానికి నువ్వే పోవల్లనా?”

అందరూ నాతో నీ తప్పేమీ లేదనే అన్నారు. ఆ మాట విన్నంతసేపు హాయిగా ఉండేది, తర్వాత ఆవిరైపోయేది. పెద్దమ్మ మాట నిలిచింది. ఆమె కోపాన్ని దాచలేదు కాబట్టి, ఆమె ప్రేమను నేను నమ్మగలిగాను.

మా జట్టు సెమీఫైనల్లో ఓడింది. సీజన్ అయిపోగానే నేను వాళ్ళ ఊరికి పోయాను. ఆ ఏడు కూడా వాన లేదు. మిగిలిన గొర్రెలను తోలుకుని పెద్దమ్మ గుట్ట వైపు పోతుంటే వెంట నడిచాను. కల్పన ఇంట్లోనే ఉంది, చేతికర్ర పట్టుకుని.

“దాని ముందర ఆట మాట ఎత్తల్లనా వద్దా అని చూస్తాండావు,” అంది పెద్దమ్మ, గొర్రెల మీదనుంచి చూపు తిప్పకుండానే. “ఎత్తు. అందరూ మాట దాచిపెడితే అది ఇంగా కుంటిదైతాది.”

సాయంత్రం కల్పనకు సీజన్ అంతా చెప్పాను. తను ఊరికే వినలేదు. నేను ఎక్కడ నిలబడి తప్పు చేశానో, సెమీఫైనల్లో ఎదుటి జట్టు పొడుగుపిల్లను ఎట్లా అడ్డుకోవాల్సిందో లేచి నిలబడి చూపించబోయి, నొప్పి పుట్టి, గోడ పట్టుకుని నవ్వింది. పెద్దమ్మ మధ్యలో లేచి బయటికి పోయింది. ఎంతకీ రాలేదు. మేము ఇద్దరమూ వెతకబోలేదు.

కల్పన మోకాలు నడవడానికి బాగైంది, ఎగరడానికి కాలేదు. ఇప్పుడు మడకశిరలో ఆడపిల్లలకు ఆట నేర్పిస్తోంది. నేను అదే జట్టులో ఆడుతున్నాను. నేను ఎగిరిన ప్రతి మ్యాచ్‌నూ పెద్దమ్మ చివరిదాకా చూసింది.

రాత్రంతా ప్రయాణం చేసి నేను చేరేసరికి పెద్దమ్మను ఇంటి ముందర పడుకోబెట్టి ఉన్నారు. నేను పాదాల దగ్గర కూర్చుంటే, బంధువుల్లో ఒక ముసలామె కల్పనను అడిగింది, “ఈ పాప ఎవురు?”

“అమ్మ ఫోన్లో చూస్తాండె గదా, ఆ పాప,” అంది కల్పన.

ముసలామె నన్ను పైనుంచి కిందికి చూసి, జరిగి, తన పక్కన చోటిచ్చింది. సాయంత్రానికి వాళ్ళ చేనులోనే మట్టి చేశారు.

మర్నాడు పొద్దెక్కినా ఎవరూ మందను వదల్లేదు. దొడ్డిలో గొర్రెలు అరుస్తూనే ఉన్నాయి. చివరికి కల్పన లేచి, దొడ్డికి అడ్డం పెట్టిన ముళ్ళకంప పక్కకు లాగింది. ఆ కంప పట్టుకోవడానికి వెనకే పోయిన నేను సరిగ్గా దారికి అడ్డంగా నిలబడి ఉన్నానని చూసుకోలేదు. ఒక ముసలి గొర్రె వచ్చి నా ముందు ఆగింది. తర్వాత పక్కకు తిరిగి నన్ను దాటి పోయింది. దాని వెనక మందంతా కదిలింది. నాకు అటూ ఇటూ పాయలై, మోకాళ్ళకు రాసుకుంటూ, వెచ్చగా, తొందర లేకుండా పోయాయి. కదిలితే ఏ గొర్రెపిల్ల కాలు తొక్కుతానో అని, నా పాదాలనే చూసుకుంటూ నిలబడ్డాను.