నా పేరు మీద కార్డు

మా టైమ్‌కీపరు సాయిబుగారు పోయిన గురువారం కన్నుమూశారు. సత్తెనపల్లి దగ్గర నూలు మిల్లులో నాతోపాటు పనిచేసినావిడ ఫోన్ చేసి, "అక్కా, సాయిబుగారు ఇక లేరు" అంటూ ఏడ్చింది. కూర వండుతున్నదాన్ని పొయ్యి ఆపేసి, అక్కడే పీట మీద కూలబడ్డాను. ఆయన గురించి నాలుగు ముక్కలు రాయకపోతే నాకు మనసు నిలవదు.

మిల్లులో మా హాజరు వేయడం ఆయన పని. గేటు పక్క గదిలో కూర్చుని ఒక్కొక్కరినీ ఇంటిపేరుతో సహా పిలిచేవారు. మేము ఒకరినొకరం 'ఏమే పొట్టీ', 'ఒరేయ్ బండోడా' అనుకుంటుంటే ఆయనకు చికాకు. "అమ్మానాన్నలు పెట్టిన పేరుండగా అదేం పిలుపమ్మా!" అనేవారు. ఆ గదిలోకి ఎవరు వెళ్లినా చేతిలో గుప్పెడు వేయించిన శనగలు పోస్తేగాని మాట మొదలుపెట్టేవారు కాదు.

తొంభైల చివర్లో మిల్లులో నోటీసు పెట్టారు. ప్రతి ఒక్కరికీ ఆరోగ్య బీమా కార్డు ఉండాల్సిందే, లేనివాళ్లను గేటు దాటనివ్వరు. జీతంలో కొంత కోస్తారు, మిగతాది మిల్లు కడుతుంది. కోత మాట వినగానే మా షిఫ్టు ఆడవాళ్లం ఆయన గది ముందు గుమిగూడాం. అందరిలోకీ నా గొంతే పెద్దది.

"మాకేం రోగాలున్నాయండీ? రోగాలున్నోళ్ల దగ్గర కోసుకోండి!"

"ఒంట్లో బాగున్నప్పుడే పెట్టాలమ్మా ఈ సంతకం. మంచాన పడ్డాక అడిగితే ఎవడిస్తాడు?" అన్నారాయన, ఏమాత్రం విసుక్కోకుండా.

పైకి అంత అరిచినా నా అసలు భయం కోత గురించి కాదు. ఆ ఉద్యోగం అసలు మా ఆడపడుచుది. ఆమె పెళ్లయి చిలకలూరిపేట వెళ్లిపోతే, ఆమె హాజరు టోకెను పట్టుకుని నేను పనిలో చేరాను. ఆరేళ్లుగా ఆమె పేరు పిలిస్తే నేను పలుకుతున్నాను.

వారం తర్వాత ఫారం నింపడానికి పిలిచారు. పేరడిగితే ఆడపడుచు పేరే చెప్పాను. ఆయన పెన్ను పక్కన పెట్టేశారు.

"ఆ అమ్మాయి నాకు తెలుసు. నేనడిగేది నీ పేరు."

నేను కొంగుతో కళ్లొత్తుకున్నాను.

"రేపు నీకు ఆపరేషను చెయ్యాల్సొస్తే? చిలకలూరిపేట నుంచి ఆవిణ్ణి పిలిపించి పడుకోబెడతావా?"

ఏడుపులోనే నవ్వొచ్చింది. నా పేరు చెప్పాను. ఆయన ఫారం నింపి, నన్ను వెంటబెట్టుకుని ఓనరుగారి దగ్గరికి తీసుకెళ్లి జరిగింది దాచకుండా చెప్పారు.

"దొంగ పేరుతో చేస్తోందా? పంపించేయండి" అన్నారు ఓనరుగారు.

"ఆ పేరు మీద హాజరు వేసింది నేనండి. తెలిసే వేశాను. పంపితే ముందు నన్ను పంపండి."

ఓనరుగారు ఆయన చేతిలోని ఫారాల ఫైలు లాక్కున్నారు. "ఇట్టాంటోళ్లు ఇంకెంతమంది?"

"పదకొండుమందండి."

"అందరి పేర్లూ సరిచేసి తగలెయ్యండి!" అని ఫైలు ఆయన ముందుకు తోశారు.

ఆ ఏడు అందరికీ జీతాలు పెంచి సాయిబుగారికి మాత్రం ఆపారని చాలా కాలానికి తెలిసింది. బాధపడుతూ అడిగితే, "పెరగలేదంతే, తగ్గలేదుగా!" అని నా చేతిలో శనగలు పోశారు.

మూడేళ్లకు నాకు కడుపులో గడ్డ పడింది. గుంటూరులో ఆపరేషను చేశారు. మంచం దొరక్క రెండ్రోజులు వరండాలో పడిగాపులు పడ్డ మాట నిజమే. అయినా పుస్తెలు తాకట్టు పెట్టకుండా, ఎవరి కాళ్లూ పట్టుకోకుండా బతికి ఇంటికొచ్చాను. ఆసుపత్రిలో ఉండగా బత్తాయిలు పట్టుకుని చూడవచ్చిన సాయిబుగారు ఎలా ఉన్నావని అడగలేదు. "కార్డు మీద ఇంటిపేరు తప్పులేకుండా పడిందా?" అన్నారు. పక్క మంచం మీద ముసలమ్మ పకపకా నవ్వింది.

శుక్రవారం నమాజు తర్వాత ఆయన జనాజా బయల్దేరింది. మిల్లు ఆడవాళ్లం సందులో గోడవారగా నిలబడ్డాం. మగవాళ్లు భుజాలు మార్చుకుంటూ మోసుకెళ్తున్నారు. ఇప్పుడు బాగా ముసలివారైపోయిన ఓనరుగారు కారు దిగి, చెప్పులు విడిచి వచ్చి, ముందు కొయ్య కింద భుజం పెట్టారు. ఆయన పొట్టి మనిషి. జనాజా ఆ పక్కకు ఒరగబోయింది. తక్కిన ముగ్గురూ మోకాళ్లు కొంచెం వంచి, ఆయన ఎత్తుకు తగ్గి, అట్లాగే మలుపు దాకా నడిచారు.