మా ఇద్దరి హైదరాబాదు ఫోటో

పెళ్లయిన పదమూడేళ్లకు మా ఆయన నన్ను మొదటిసారి ఊళ్లు చూపించడానికి తీసుకుపోయాడు. అంతకుముందు నేను గండి ఆంజనేయస్వామి గుడి దాటి పోలేదు.

జమ్మలమడుగుకూ పులివెందులకూ నడుమ మాదొక పల్లె. అప్పట్లో ఊరంతా రెండు పార్టీలు. మా ఆయనది ఒకటి, ఎదురింటాయనది ఇంకొకటి. మగవాళ్లకు మాటల్లేవు గానీ, ఆయన భార్య నాకు వదిన వరస. మజ్జిగ, నిప్పు ఇచ్చి పుచ్చుకునేవాళ్లం.

"జనవరి ఇరవయ్యారుకు హైదరాబాదులో పరేడు జూసి, సినిమా స్టూడియో గూడా జూసొద్దాం" అన్నాడు మా ఆయన.

"శెనక్కాయలు అమ్మినాక పోదాంలే మామా."

"కాదు. ఇప్పుడే పోవల్ల."

పిల్లలను మా అమ్మ దగ్గర వదిలి, బర్రెను వదినకు అప్పగించాను.

"హీరో కనపడితే మా ఇంటికి రమ్మను" అంది వదిన.

"వస్తే మీ ఆయన ముందు ఏ పార్టీ అని అడుగుతాడు" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

పరేడులో పోలీసులు ఒకే అడుగుగా నడిచారు. మా ఊళ్లో జీపు దిగి పరుగెత్తే పోలీసులనే చూశాను నేను. అక్కడే ఒక ఫోటో, మరునాడు స్టూడియోలో ఇంకొకటి. అక్కడ ఇల్లంటే ముందరి గోడ, తలుపు, అంతే. వెనక కట్టెలు ఊతం పెట్టారు. దాని ముందర నన్ను నిలబెట్టి, నలుగురూ చూస్తుండగా మా ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. ఇంకో ఫోటోకు డబ్బు దండగ అని కసిరాను గానీ, ఆ చెయ్యి తీసెయ్యలేదు.

"వెనకాల తారీకు రాసియ్యప్పా" అన్నాడు రెండు చోట్లా ఫోటోలాయనతో.

బస్సు టికెట్టు నేను పారేస్తే వంగి ఏరుకున్నాడు. లాడ్జి చీటీ, స్టూడియో చీటీ అన్నీ మడిచి జేబులో పెట్టాడు. ఇన్నాళ్లకు నా పొదుపు ఈయనకూ అబ్బిందనుకున్నాను.

నాలుగో రోజు ప్రొద్దుటూరులో బస్సు దిగాం. మా ఊరాయన ఒకడు దగ్గరికొచ్చాడు.

"మీ ఎదురింటాయన్ను ఇరవయ్యారు పొద్దున చేని కాడ నరికినారు" అన్నాడు.

మా ఆయన ఎవరని అడగలేదు, ఎట్లా అని అడగలేదు. చెయ్యి జేబు మీదికి పోయింది.

బర్రె వాళ్ల దొడ్లోనే ఉంది. ముందర మేత ఉంది. వదిన గడప లోపల కూర్చుని ఉంది.

"తినిందిలే, తోలకపో" అంది. నేను పలుపు విప్పుతుంటే, "నీకు ముందే తెలుసునా మే?" అని అడిగింది.

"తెలీదొదినా."

ఆమె తల తిప్పుకుంది. ఆ తర్వాత ఎప్పుడూ నాతో మాట్లాడలేదు.

ఖూనీ కేసులో మా ఆయన పేరు పెట్టారు. కోర్టులో మా లాయరు పరేడు ఫోటో చూపించి అడిగాడు. ఇది నేనే, పక్కన మా ఆయన, ఆ రోజు నాతోనే ఉన్నాడు అని చెప్పాను. ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. కేసు కొట్టేశారు, మా ఆయన ఇంటికొచ్చాడు. ఫోటోలు కోర్టు కాగితాల్లోనే ఉండిపోయాయి.

చాలా ఏళ్లకు మా ఆయన పోయినాక, మీరిద్దరూ ఉన్న ఫోటో ఉంటే గోడకు తగిలిస్తామని పిల్లలు అడిగారు.

లేదన్నాను.