పెట్రోలు మూత మీద బొట్టు

ఆ రోజుల్లో కారంటే ఇంట్లో ఒక మనిషి కింద లెక్క. దాని రోగాలు కూడా మనుషుల రోగాల్లాగే చెప్పుకునేవాళ్లం: దగ్గుతోంది, మిట్ట ఎక్కలేక ఆయాసపడుతోంది, పొద్దున్నే లేవనంటోంది. తొంభైల చివర్లో నేను ఉద్యోగానికని హిందూపురం నుంచి బెంగళూరొచ్చి మా మేనమామ ఇంట్లో దిగేసరికి ఆ ఇంట్లో రోగులు ఇద్దరు. ఒకరు మామ, రెండోది ఆయన కారు. మామకు మూత్రపిండాలు చెడిపోయాయి. కారుకు ఏం చెడిపోయిందో ఎవరికీ తెలియదు గానీ, లోపల కూర్చుంటే గుప్పుమని పెట్రోలు వాసన.

మామకు చిక్‌పేటలో చీరల కొట్టు ఉండేది. పిల్లలు లేరు. మంగళవారం, శుక్రవారం ఆసుపత్రికి వెళ్లి రక్తం శుద్ధి చేయించుకోవాలి. నాకు సాయంత్రం షిఫ్టు కాబట్టి డ్రైవరును నేనే. పోయేటప్పుడు పెద్దగా ఏమీ ఉండేది కాదు. మామ లోపల యంత్రం పక్కన పడుకున్నంతసేపూ కారు బయట ఎండలో ఉడికేది. తిరుగు ప్రయాణంలో, ఒంట్లో సత్తువంతా పోయి వెనక సీట్లో వాలిపోయిన మనిషికి సరిగ్గా వీపు వెనక నుంచే వాసన కొట్టేది. ఇల్లు చేరేలోగా వాంతి. శుక్రవారాలు మరీ ఘోరం. ఒక శుక్రవారం గుమ్మంలో దింపుతుండగానే తేల్చి చెప్పేశాడు.

"ఇంక నేను రానప్పా. ఈ పెట్రోలు నాతానికంటే ఇంట్లోనే పోయేది మేలు."

ఆటోలో వెళ్దామంటే ఆ కుదుపులకు ఎముకలు ఊడొస్తాయన్నాడు. అద్దె కారు అంటే, "అద్దె బండి వాకిట్లో నిలబడితే నేను పోయినానని వీధంతా వచ్చేస్తుంది" అన్నాడు. (ఆ మాట నిజమే, మా వీధిలో జనం అంత చురుకు.) రెండుసార్లు వెళ్లకపోతే ఏమవుతుందో డాక్టరు మాకు ముందే చెప్పి ఉన్నాడు. అత్త నన్ను వంటింట్లోకి పిలిచింది.

"ప్రోగ్రాముల్లో తప్పులు ఎతికేదానికే నీకు జీతమిస్తారంట గదప్పా. మన కార్లో ఎతకలేవా?"

వైట్‌ఫీల్డులో నేను చేసే ఉద్యోగం నిజంగా అదే. పౌరుషం వచ్చింది. మరునాడు పొద్దున్నే సీట్లు ఊడబెరికాను, కింద పరిచిన పట్టాలు తీసి ఎండేశాను, డిక్కీలో తల పెట్టి అంగుళం అంగుళం వాసన చూశాను. కాళ్లు మాత్రమే బయటికి కనిపించడంతో పాలవాడు కంగారుపడి అత్తను పిలిచాడు. మధ్యాహ్నానికి నా ముక్కు ఎంత పాడైందంటే చారులో కూడా పెట్రోలే. ఆఖరికి మెకానిక్కును పిలిపిస్తే, ఆయన ఒక గొట్టం మార్చి, చేతులు తుడుచుకుని, "రబ్బర్లన్నీ ముదిరిపోయినాయి సార్. సుమ్నే గుజరీకి వేసేయండి" అన్నాడు. ఊరికే పాత సామాన్లకు వేసేయమని.

వరండాలో దుప్పటి కప్పుకుని కూర్చున్న మామ తలెత్తి, "ఎవర్నప్పా? నన్నా, కారునా?" అన్నాడు. ఎవరం నవ్వలేదు. తనే నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి దిగి చాలాసేపు ఆగలేదు. నాకు ఏడుపొచ్చింది, డిక్కీలో తల పెట్టుకున్నాను.

సోమవారం మధ్యాహ్నం, మంగళవారం ఆయన్ని ఎలా ఒప్పించాలా అనుకుంటూ, ఎండలో ఉన్న కారును అలాగే తీసి పెట్రోలు బంకుకు వెళ్లాను. ట్యాంకు మూత తిప్పగానే బుస్సుమంది. లోపల అంత గాలి ఎందుకు బిగుసుకుందో అర్థం కాక మూత తిప్పి చూస్తే అడుగున ఒక చిన్న బెజ్జం. పైవైపు మాత్రం బెజ్జం లేదు. పసుపు, దాని మీద కుంకుమ, దాని మీద మళ్లీ పసుపు, పెచ్చు కట్టి ఉంది.

అది అత్త పని. ఆయుధపూజ నాడు చక్రాలకు, స్టీరింగుకు బొట్లు పెట్టి, ఈ మూతకు మాత్రం ఎక్కువ పెట్టేది. ("తినే నోరు ఇదే గదప్పా!") మామకు జబ్బు చేశాక ఏడాదికొక పూజ చాలదనుకుని ప్రతి శుక్రవారం పెడుతోంది. మూత ఊపిరి మూసుకుపోయింది. ఎండకు ఉబ్బిన గాలి బయటికి దారి లేక, డిక్కీలో వదులైన రబ్బరు సందులోంచి మామ వీపు మీదికి వస్తోంది. ఆవిడ ఎంత మొక్కుకుంటే ఆయనకు అంత వాంతి.

ఇంటికొచ్చి అత్త గాజుల డబ్బీలోంచి ఒక పిన్నీసు తీసి బెజ్జం పొడిచాను. వాసన లేదని ప్రమాణం చేసి మంగళవారం మామను ఎక్కించాను. తిరుగుదారిలో ఆయన నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోయాడు. ఇంటి ముందు లేపి సంగతి చెబితే, గుమ్మం వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"మీ అత్తకు చెప్పొద్దప్పా. ఆ బొట్టు వల్లనే నేను ఇంకా ఉండానని అనుకుంటా ఉండాది."

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం అత్త బొట్టు పెట్టడం, ఆవిడ లోపలికి వెళ్లగానే నేను జేబులో దాచుకున్న పిన్నీసుతో పొడవడం. మామ వెనక సీట్లోంచి ఆ తతంగం చూసి కళ్లతోనే నవ్వేవాడు. తర్వాతి ఆయుధపూజకు ఆయన లేడు. కారు గుజరీకి వెళ్లింది.

ఇప్పుడు అత్త సర్జాపుర రోడ్డులో మా దగ్గరే ఉంటోంది. మొన్న నేను కొత్త కారు కొన్నప్పుడు పసుపు గిన్నె పట్టుకుని దాని చుట్టూ తిరిగి, "దీనికి నోరెక్కడ ఉండాదప్పా?" అంది. మూత తెరిచి చూపించాను. నడుమ ఖాళీ వదిలి, అంచున చిన్న బొట్టు పెట్టింది. "నడుమ వద్దులే. ఊపిరాడాల."

నేను నోరు తెరిచాను. "నీకు తెలుసా అత్తా?"

"మీ మామ ఆ మంగళవారమే చెప్పినాడు. నీకు చెప్పొద్దన్నాడు."

"తెలిసీ మళ్లీ ఎందుకు పూసేదానివి?"

"పూయమన్నాడప్పా. నా రోగం చూసి పిల్లోడు దిగులుపడిపోతా ఉండాడు, శుక్రవారం వానికి గెలిచే పని ఒకటి ఉండనీ అన్నాడు."

ఆ ఇంట్లో వాసన పట్టింది నేనొక్కణ్నే అని ఇన్నేళ్లూ అనుకున్నాను. నవ్వొచ్చింది. చేయి మాత్రం, ఏమీ లేని జేబులో పిన్నీసు కోసం వెతుక్కుంటోంది.