పిన్ని చేతులు ఆగిన చోట

పిన్ని పోయిందని ఆమె కొడుకు ఫోన్ చేసినప్పుడు నేను దుర్గ్ స్టేషన్ బయట ఆటో కోసం నిలబడి ఉన్నాను. "దీదీ, అమ్మ నహీఁ రహీ," అన్నాడు. ఇక్కడే పుట్టి పెరిగినవాడు, ఏడుపు కూడా హిందీలోనే వస్తుంది. నాకు మాత్రం ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇక సంతాప సభ పెడతారు, మా తెలుగు సంఘం అధ్యక్షుడుగారు వస్తారు, మైకు పట్టుకుంటారు. ఇదీ నా మొదటి ఆలోచన. పాపిష్టి ఆలోచనే. పిన్ని వింటే మెచ్చుకునేది.

చుట్టరికం ఏమీ లేదు. సెక్టర్ 4లో మా పక్క క్వార్టర్. బాబాయి ఉక్కు ప్లాంటులో పని చేసేవాడు. పిన్ని వంటా పిల్లలూ పోగా మిగిలిన పూట కథలు రాసేది. విజయవాడ వారపత్రికల్లో అచ్చయ్యేవి. బాబాయి రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి ఖుర్సీపార్‌లో రెండు గదుల ఇంటికి మారారు. నేనూ నా కాగితాలు సంచిలో పెట్టుకుని అక్కడికే వెళ్ళేదాన్ని.

రాయడం నేర్పమంటే పిన్ని పాఠమేమీ చెప్పలేదు. చేట ముందు పెట్టుకుని అమారీ భాజీ వలుస్తూ కూర్చునేది. మన గోంగూరే, ఇక్కడి పేరు అది. "నువ్వు సదువు. నా మొహం సూడకు, అది మొహమాటపడతాది. సేతులు సూడు," అనేది. నేను చదువుతున్నంతసేపూ ఆకు వలుస్తూనే ఉంటే ఆ పేరా "కొట్టీ." ఎక్కడన్నా చేతులు ఆగిపోతే "ఉంచు." అంతకు మించి విమర్శ లేదు.

నా మొదటి కథకి కట్టంతా వలిచేసింది. "కూరకి ఆకు అయిపోయింది గానీ నీ కథ మొదలవ్వలేదే," అంది. ప్లాంటు మీద వెన్నెల గురించి ఒక పేజీ రాశాను, ఎంత ముచ్చటపడి రాశానో! "ఆ సందమామని నానూ రోజూ సూస్తన్నాను. ఎదురింటావిడ నిన్ను ఏటందో అది రాయి," అంది. ఎదురింటావిడ నన్ను చాలానే అంది. అదే నా అచ్చయిన మొదటి కథ. ఆవిడ ఇప్పటికీ నాతో మాట్లాడదు. హాయిగా ఉంది.

పిన్ని శాంతమూర్తి అని సంతాప సభలో ఒకరన్నారు. ఒట్టి మాట. ఆమెకి పగ ఉండేది, దాన్ని ఆవకాయ జాడీలా తడి తగలకుండా కాపాడుకునేది. "క్షమించీసినోళ్ళకి నిద్ర పడతాది గానీ కథ పుట్టదే," అనేది. ఇంకోటి కూడా అనేది: "కొడితే కేసవుతాది. రాస్తే అచ్చవుతాది."

ఆ పగ ఎవరి మీదో చెప్పాలి. సంఘం వార్షికోత్సవ సంచికకి పిన్ని ఒక కథ ఇచ్చింది. ఇంకో ఆవిడతో కాపురం పెట్టి, ఏళ్ళ తర్వాత ఇల్లు గుర్తొచ్చి తిరిగొచ్చిన మొగుడి కథ. చివర్లో అతను తలుపు కొడతాడు. అధ్యక్షుడుగారు ఆ ముగింపు తీసేసి, భార్య తలుపు తీసి కన్నీళ్ళతో కాళ్ళు కడిగినట్టు తనే రాసి, కింద పిన్ని పేరుతోనే అచ్చేశారు. పిన్ని ఆ సంగతి సభలో పుస్తకం చేతికొచ్చాకే చూసింది. లేచి నిలబడి, "ఇది నేను రాయలేదండీ," అంది. ఆయన గొంతు సవరించుకుని, కాలర్ సర్దుకుని, మైకులో "చిన్న చిన్న మెరుగులు దిద్దామమ్మా, సంతోషించాలి," అన్నారు. హాలంతా చప్పట్లు కొట్టింది. పిన్ని ఆ పుస్తకం కుర్చీలో వదిలేసి నడుచుకుంటూ ఇంటికి వచ్చేసింది.

ఆ తర్వాత ఆమె కథల్లో చెడ్డవాళ్ళంతా మాట్లాడే ముందు గొంతు సవరించుకుని కాలర్ సర్దుకునేవారు. కంట్రాక్టరూ అంతే, పెళ్ళిళ్ళ పేరయ్యా అంతే. "మరి రాచిరంపాన పెట్టే అత్తగారికి కాలర్ ఎక్కడిది పిన్నీ?" అనడిగాను. "కొంగు సర్దించాను లేవే," అంది, చేట పక్కకి పెట్టి నవ్వుతూ.

రాయాలని ఉంది, ఏం చెయ్యమంటారని నన్నడిగే పిల్లలకి పిన్ని మాటే చెబుతాను. నీకు అన్యాయం చేసినవాణ్ణి దుర్మార్గుడని రాయకు, వాడు టీ ఎలా తాగుతాడో రాయి. వాడికి ఒక మంచి గుణం కూడా ఇయ్యి, లేకపోతే మిగతాది ఎవరూ నమ్మరు. "మరి అధ్యక్షుడుగారికి ఏం మంచి గుణం ఉంది పిన్నీ?" అని ఎగతాళిగా అడిగాను ఒకసారి. ఆమె ఎగతాళి చెయ్యలేదు. "ఎవరింట్లో సావైనా ముందొచ్చి భుజం పడతాడే. ఆఫీసరా, లేబరా అని సూడడు. అది రాయాల. రాయకపోతే మనం అబద్ధాలకోరులం," అంది.

నిజమే. పిన్ని పాడెకీ ఆయన భుజం పట్టారు. ఎండలో, ఈ వయసులో, ఘాట్ దాకా. అది చూసి నాకు ఒళ్ళు మండింది. నిండుగా ద్వేషించుకునే అదృష్టం కూడా మిగల్చలేదు కదా ఆ మనిషి!

సంతాప సభలో ఆయన గొంతు సవరించుకున్నారు. కాలర్ సర్దుకున్నారు. "ఆ తల్లి కథలకి నేనే మెరుగులు దిద్దేవాణ్ణి. మొహమాటస్తురాలు, నా ప్రోత్సాహం లేకపోతే రాసేదే కాదు," అని కూర్చుని, ఫోన్ తీసి బొటనవేలితో పైకి తోసుకుంటూ చూసుకోసాగారు.

పిలవకుండానే లేచాను. ముందు ఆయన భుజం పట్టిన సంగతి చెప్పాను, నిండు మనసుతోనే చెప్పాను. జనం తలలూపారు. ఆయన ఫోన్ మీంచి కళ్ళెత్తకుండా చిన్నగా నవ్వారు. తర్వాత, "సంచికలో పడిన ముగింపు పిన్నిది కాదు, ఈయనది. పిన్నిది ఇదీ," అన్నాను. ఆ కథ ఆమె చదువుతుంటే ఆ రోజు ఆకు వలిచింది నేను. నా చేతులు ఆగిన చోటు నాకు కంఠతా వచ్చు.

"తలుపు చప్పుడైంది. ‘ఎవరూ?’ అందామె లోపల్నుంచి. అతను తన పేరు చెప్పాడు. ‘ఆయన ఇంట్లో లేరండీ. వచ్చాక చెబుతాను,’ అందామె."

వెనకాల టీ కప్పులు పెడుతున్న ఖుర్సీపార్ ఆడవాళ్ళు పెట్టడం ఆపేశారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నేను మొహాలు చూడలేదు, నాకు నేర్పినట్టే చేతులు చూశాను. అధ్యక్షుడుగారి బొటనవేలు ఫోన్ మీద ఆగిపోయి ఉంది. నేను వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. అది ఇంకా కదల్లేదు. కాసేపటికి దాని కింద వెలుగు తనంతట తానే ఆరిపోయింది.