ఎదురు కుర్చీలో మనిషి

మా ఆఫీసు బిల్డింగులో ఏ అంతస్తు బాత్రూంలో జనం ఉండరో నన్నడగండి, చెబుతాను. బెంగళూరు మహదేవపుర టెక్ పార్కులో ఇన్నేళ్ళు పనిచేసి నేను సంపాదించుకున్న గట్టి పరిజ్ఞానం అదొక్కటే. మీటింగు మధ్యలో ఉన్నట్టుండి గుండె దడదడలాడుతుంది. అరచేతులు తిమ్మిరెక్కుతాయి, ఊపిరి సగంలోనే ఆగినట్టుంటుంది. ఇక పోతున్నాను అనిపిస్తుంది. ఫోనొచ్చినట్టు నటించి బయటికి నడిచి, ఆ ఖాళీ బాత్రూంలో గడియ పెట్టుకుంటాను. తగ్గాక మొహం కడుక్కుని, జుట్టు సర్దుకుని, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చుంటాను. పక్క సీటు పిల్లకి కూడా ఇంతవరకూ అనుమానం రాలేదు.

దీన్ని పానిక్ డిజార్డర్ అంటారని డాక్టరు చెప్పే నాటికే నా తిరుగుడంతా బాగా తగ్గిపోయింది. బస్సులో బాత్రూం ఉండదు కాబట్టి బస్సెక్కను. రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటానని క్యాబ్ ఎక్కను. స్కూటీ అయితే ఎక్కడపడితే అక్కడ ఆపుకోవచ్చు. సినిమాలు మానేశాను. ఎవరైనా భోజనానికి పిలిస్తే పనుందనేదాన్ని, పిలిచి పిలిచి వాళ్ళూ విసిగిపోయారు. మారతహళ్ళిలో నా అద్దె ఫ్లాటులో ఒక్కదాన్నే. కొన్ని ఆదివారాలు కూరగాయల బండి దగ్గర "కాస్త కొత్తిమీర వేయండి" అనడమే నేను మాట్లాడిన మాట. విజయవాడలో ఉన్న అక్కకి చెబితే "యోగా చెయ్యవే" అంది. ఫోను విసిరికొట్టాలనిపించింది.

అలాంటి నన్ను డాక్టరు ఒక గ్రూప్ థెరపీకి వెళ్ళమన్నాడు. మన మీద మనం కరుణ చూపించుకోవడం నేర్పుతారట. నాకు నవ్వొచ్చింది. ఎవరైనా జాలి పడితే ఒళ్ళు మండే రకాన్ని నేను. అయినా వెళ్ళాను. ఎందుకంటే ఆ భయం వచ్చినప్పుడు నన్ను చూసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కరూ లేరు. ఒక్కసారైనా, ఎవరి ఎదుటైనా, పారిపోకుండా కూర్చోగలనా? లేకపోతే మిగిలిన బతుకంతా ఆ గడియ వెనకే గడిచిపోతుంది. దానికి మాత్రం నిజంగా భయపడ్డాను.

ప్రతి శనివారం ఒక క్లినిక్ పైగదిలో గుండ్రంగా కుర్చీలు వేసేవారు. నడిపించే కౌన్సెలర్ చిన్నమ్మాయే, కానీ గట్టిది. కరుణ ఇవ్వడం, తీసుకోవడం, మనకి మనం చూపించుకోవడం, మూడూ నేర్చుకోవాలంది. ఇవ్వడంలో నాకు ఫస్ట్ ర్యాంకు. ఎవరు ఏడ్చినా టిష్యూ అందించేదాన్ని, మాట అందించేదాన్ని. నా వంతు వస్తే మాత్రం ఏదో ఒక జోకు వేసి అందరినీ నవ్వించేదాన్ని.

"మీ టర్న్ వచ్చినప్పుడల్లా ఇలాగే చేస్తున్నారు, గమనించారా?" అని ఒకరోజు ఆ అమ్మాయి అడిగేసింది. దానికీ ఓ జోకు వేశాను. అసలు దడ లోపల మొదలైతే అక్కడా బాత్రూమే నాకు దిక్కు.

మా గ్రూపులో నాతో తెలుగు మాట్లాడే ఒక పెద్దావిడ ఉండేది. తరతరాలుగా బెంగళూరులోనే ఉన్న కుటుంబం, చీరల వ్యాపారం. నా బాత్రూం పరుగులు చూసి మొదటి వారమే "షుగరుండాదా అమ్మా నీకు?" అని అడిగింది. ఉందన్నాను. అబద్ధం నా నోటికి అంత తేలిగ్గా వచ్చేది.

ఒక శనివారం మా అందరి చేతికీ తలా ఒక స్ట్రా ఇచ్చారు. ముక్కు మూసుకుని దానితోనే గాలి పీల్చాలి. కాసేపటికి తల తిరుగుతుంది, దడ మొదలవుతుంది. కావాలని తెచ్చుకున్న ఆ దడ ప్రాణం తియ్యదని ఒంటికి తెలియడం కోసం ఇదంతా. ఇద్దరిద్దరం ఎదురెదురుగా కూర్చోవాలి. ఒకరు పీలుస్తుంటే రెండోవారు నీళ్ళివ్వకూడదు, వీపు నిమరకూడదు, సలహా చెప్పకూడదు. దయగా చూస్తూ "నేనిక్కడే ఉన్నాను" అని మాత్రం అనొచ్చు. భాష కలిసిందని నాకు ఆ పెద్దావిడని జత చేశారు.

పది గుక్కలు పీల్చానో లేదో, ఉత్తుత్తి దడ కాస్తా అసలుదైపోయింది. స్ట్రా పడేసి లేచాను.

"యాడికమ్మా?"

"బాత్రూంకి."

"నీకు షుగరూ లేదు ఏమీ లేదు. టీలో అంత చక్కెర ఏసుకుని తాగతావుండావు గదా. కూర్చో."

అబద్ధం దొరికిపోయి కూర్చుండిపోయాను. ఆవిడ వైపు చూస్తే ఆవిడ మొహం పాలిపోయి ఉంది. పెదవి మీద చెమట పట్టింది. నన్ను చూసి ఆవిడకీ వచ్చేసింది. వెంటనే నా ఫస్ట్ ర్యాంకు గొంతు బయటికొచ్చింది.

"ఏం కాదమ్మా, మెల్లగా ఊపిరి..."

"నాకు చెప్పొద్దు," అంది గట్టిగా. "ఈపొద్దు నీ పాళి, నాది గాదు. నాకూ గాబరి అయితావుండాది. కానీలే. ఈడే ఉండాను నేను."

ఇక నాకు చెయ్యడానికి పనేమీ లేకపోయింది. మొహం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. చచ్చిపోతున్నానన్న భయంతో పాటు, ఇలా చెమటలు కక్కుతూ, ముక్కు కారుతూ ఒకరి కంటబడ్డానన్న సిగ్గు. ఆవిడ చూపు తిప్పుకోలేదు. జాలి పడే తీరిక ఆవిడకీ లేదు. గజగజ వణుకుతూనే మధ్యమధ్యలో "ఈడే ఉండాను" అంటోంది. ధైర్యం ఉన్నవాళ్ళు నాకు చాలామంది ధైర్యం చెప్పారు. నాలాగే భయపడుతూ నా ఎదుట కూర్చున్నది ఆవిడొక్కతే. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను.

చాలాసేపటికి గుండె నెమ్మదించింది. చేతుల్లోకి వెచ్చదనం వచ్చింది.

"అయ్యిందా?" అని అడిగింది ఆవిడ.

"అయిపోయిందమ్మా."

టైమయిందని కౌన్సెలర్ అందరినీ లేపింది. ఇద్దరు ముగ్గురు అప్పుడే మెట్లు దిగుతున్నారు. నేనూ అలవాటుగా బ్యాగు అందుకున్నాను.

"నాదింకా పోలేదు," అంది ఆవిడ చిన్నగా. "కొంచేపు ఉండమ్మా."

నన్ను ఉండమని ఒక మనిషి అడిగి ఎన్నేళ్ళయిందో గుర్తు రాలేదు. నోటి నిండా ఓదార్పు మాటలు వచ్చాయి. ఒక్కటీ అనలేదు. బ్యాగు కింద పెట్టి, ఆవిడ ఎదురుగా కూర్చున్నాను.