టమాటాల లారీ, పది డౌన్‌లోడ్లు

2007 వేసవి. కొత్తకోటలో హైవే పక్కన నాకు నాలుగు కంప్యూటర్ల ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. మూడు పనిచేసేవి. నాలుగోది ఉండటం వల్ల సెంటర్ నిండుగా కనిపించేది.

ఒకరోజు పదకొండు గంటలప్పుడు మెకానిక్ ఖాజా భాయ్ గ్రీజు చేతులతో వచ్చాడు. వెనకే కోలారు నుంచి హైదరాబాద్‌కు టమాటాలు తీసుకెళ్తున్న డ్రైవర్. కొత్త మోడల్ లారీ. తాళం తిప్పితే లైట్లు వెలుగుతున్నాయి, ఇంజన్ ఉలకడం లేదు. సాయంత్రంలోగా మార్కెట్ చేరకపోతే ఆ ఎండకు సరుకంతా పారబోయడమే.

“పాత బండైతే స్క్రూడ్రైవర్ పెట్టి లేపుతుంటి సార్,” అన్నాడు ఖాజా భాయ్. “ఇది కంప్యూటర్ బండి. తీగ ఏడికెళ్లి ఏడికి పోతుందో తెల్వదు. నెట్ల నక్ష ఉంటదంట, జర తియ్యుండ్రి.”

నక్ష అంటే వైరింగ్ డయాగ్రమ్. దొరికింది. ఎవరో ఓపికగల మనిషి పుస్తకమంతా స్కాన్ చేసి, పేజీకొకటి చొప్పున ముప్పై రెండు ఫైళ్లు పెట్టాడు. చిక్కల్లా అప్పటి బ్రౌజర్‌తో. ఒక సైట్ నుంచి ఒకేసారి రెండు ఫైళ్లనే దించనిచ్చేది. మూడోది వాటి వెనక నిలబడాలి. మాది డయలప్, అంటే ఫోన్ తీగ మీద వచ్చే నెట్. పైగా పన్నెండింటికి కరెంటు పోతుంది. ఆ ఒక్క విషయంలో మా ఊళ్లో ఏనాడూ ఆలస్యం జరగలేదు.

నేను డిగ్రీలో కంప్యూటర్లు చదివినవాణ్ణి. రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన కట్టుబాట్లన్నీ రాసుకునే చోట, పది అని రాస్తే పది వస్తాయని నాకు తెలుసు. రాశాను. బ్రౌజర్‌ను మూసి తెరవాల్సి రావడంతో, అప్పటికి సగం దిగిన రెండు ఫైళ్లూ పోయాయి. పెద్ద పనిలో చిన్న నష్టం అనుకున్నాను.

తెర మీద పది డౌన్‌లోడ్ పెట్టెలు తెరుచుకున్నాయి. చూడటానికి చాలా బాగుంది. ఖాజా భాయ్ కూడా “అరె వా!” అన్నాడు. పావుగంట తర్వాత చూస్తే పదీ పదో వంతు దగ్గరే ఉన్నాయి. ఫోన్ తీగ ఒక్కటే. దాన్నే నేను పదిమందికి పంచాను.

“బేగ సార్, బేగ!” అని డ్రైవర్ కన్నడంలో తొందరపెట్టి, అర్థం కాలేదేమోనని తెలుగులోకి దిగాడు. “బండ్లో టమాటాలు అప్పుడే చారవతా ఉండాయి.”

ఖాజా భాయ్ తెర మీదికి వంగాడు. “ఇవన్నీ ఏంది సార్?”

“పుస్తకంలో మొదటి పది పేజీలు. హెడ్‌లైట్లు, వైపర్లు, హారన్...”

“హారన్ మంచిగనే కొడుతుంది. నాకు స్టార్టింగ్ తీగల కాయితం ఒక్కటి చాలు. ఏడ బీమారి ఉంటే ఆడనే ఇప్పుతం గని, బండి మొత్తం ఇప్పుతమా?”

“ముందే చెప్పొచ్చు కదా భాయ్.”

“మీరు అడగకపోతిరి.”

విషయసూచిక ఆ సైట్ మొదటి పేజీలోనే ఉంది. నేనే చూడలేదు. స్టార్టర్, పదిహేడో పేజీ. పదింటినీ ఆపేసి అదొక్కటే పెట్టాను. తీగంతా తనకే దక్కడంతో పన్నెండు నిమిషాల్లో దిగింది. ప్రింటు సగంలో ఉండగా కరెంటు పోయింది. మిగతా సగం యూపీఎస్ బ్యాటరీ మీద వచ్చింది.

ఖాజా భాయ్ కాగితం మీద ఒక గీత వెంట వేలు పోనిచ్చి, “సీటు కింద ఉంది దొంగది,” అని వెళ్లిపోయాడు. స్టార్టర్‌కు కరెంటు వదిలే చిన్న డబ్బా, రిలే, మాడిపోయి ఉంది. కొత్తది వేశాక ఒంటిగంటకు లారీ హైదరాబాద్ వైపు కదిలింది.

పరిమితిని దాటడం వచ్చు కాబట్టి దాటాను. దాటాల్సిన అవసరం ఉందో లేదో చూడలేదు. తర్వాత సెంటర్ నడిపినన్నాళ్లూ, ఎవరైనా వచ్చి “అన్నీ దించు” అంటే ముందు ఏ పనికని అడిగేవాణ్ణి. చాలామందికి నిజంగా కావలసినవి ఒకటో రెండో ఉండేవి. రెండు వరకైతే బ్రౌజర్ ఎన్నడూ అభ్యంతరం చెప్పలేదు.