సుభద్ర వ్యానులో ముందు సీటు

దెయ్యాల విషయంలో నేను మొదటి నుంచీ మొండిదాన్ని. చదువుకునే రోజుల్లో హాస్టల్ పై గదిలో ఎవరో తిరుగుతున్నారని అమ్మాయిలంతా కిందికి దిగిపోతే, చోటు దొరికింది కదా అని రెండు మంచాలు కలుపుకుని పడుకున్నాను. ఇప్పుడు పటమటలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాను. ఇదంతా చదివి నన్ను భయస్తురాలని అనుకోకూడదని ముందే చెబుతున్నాను.

మా ఆయన మురళికి చేనేత చీరల వ్యాపారం. నేను ఆయనకు రెండో భార్యను. మొదటి భార్య సుభద్ర జబ్బు చేసి పోయింది. ఊరూరా చీరల ఎగ్జిబిషన్లకు తిరగడానికి వాళ్ళిద్దరూ ఒక పాత వ్యాను కొని, రాత్రిళ్ళు అందులోనే ఉండేలా మంచం, స్టవ్, చిన్న సింకు పెట్టించుకున్నారు. కిటికీలకు నూలు కర్టెన్లు సుభద్రే కుట్టిందట. సంచులు తగిలించే కొక్కేలు ఆవిడ ఎత్తుకు కొట్టించారు. మునివేళ్ళ మీద నిలబడినా నాకు అందవు. మార్పించమని ఎన్నిసార్లు అడిగినా "చూద్దాంలే" అనేవారు.

నిజం చెప్పాలంటే, హాల్లో ఉన్న సుభద్ర ఫోటోను చూస్తే నాకేమీ అనిపించేది కాదు. ఆ వ్యానును చూస్తేనే ఒళ్ళు మండేది. ఆదివారం ఆయన దాన్ని కడుగుతుంటే టిఫిన్ చల్లారిపోయినా పట్టేది కాదు. కడగడం అయ్యాక కూడా తలుపు మీద చెయ్యి వేసి అలా నిలబడేవారు.

పెళ్ళయ్యాక మొదటిసారి అందులో గన్నవరంలోని మా అక్క ఇంటికి బయల్దేరాం. ముందు సీటు బాగా వెనక్కి జరిపి ఉంది. నాకు అనువుగా ముందుకు లాక్కుని కూర్చున్నాను. ఊరు దాటకముందే మీటరు బోర్డులో ఎర్రలైటు వెలిగింది. ఇంజన్ వేడెక్కిపోయిందని దాని అర్థం.

ఆయన ఆపి చూశారు. రేడియేటర్లో నీళ్ళు నిండుగా ఉన్నాయి. పొగ లేదు, వాసన లేదు. నాకు ఉక్కపోస్తోందని వెనక్కి వెళ్ళి మంచం మీద కూర్చున్నాను. లైటు ఆరిపోయింది.

ఆటోనగర్‌లో ఆ బండి పని ఎప్పుడూ బాషా గారే చూస్తారు. సెన్సారు మార్చారు, థర్మోస్టాట్ మార్చారు. ఏ వైరైనా ఒరుసుకుపోయి బాడీకి తగులుతోందేమోనని అంతా విప్పి చూశారు. బాషా గారు బండి తిప్పి చూస్తే లైటు వెలగలేదు. మా ఆడపడుచు ముందు సీట్లో ఇబ్రహీంపట్నం దాకా వెళ్ళొచ్చింది, అప్పుడూ వెలగలేదు. నేను ముందు కూర్చుంటే మాత్రం కాసేపటికే వెలిగేది.

నేను అంత తేలిగ్గా వదల్లేదు. సిల్కు చీరతో కరెంటు పుడుతోందేమోనని నూలు చీర కట్టుకుని చూశాను. సీటు ముందుకు జరిపితే కింద వైరు నలుగుతోందన్నాను. బాషా గారు సీటు ఊడదీసి చూపించారు. దాని కింద అసలు వైరే లేదు.

"ఇంజన్ చల్లగానే ఉంది మేడమ్. లైటే అబద్ధం చెబుతోందండీ" అన్నారు.

"మరి నేను కూర్చుంటేనే ఎందుకు చెబుతోందండీ?"

"అదే నాకూ అంతు పట్టట్లేదు."

చివరికి ఇంజన్ వేడి తెలియడానికి ముల్లున్న మీటరు విడిగా బిగించి, ఆ ఎర్రలైటు బల్బు పీకేసి నా చేతిలో పెట్టారు. "ఇంకెలా వెలుగుద్దో చూద్దామండీ" అన్నారు. ఇంటికి వెళ్ళగానే దాన్ని చెత్తబుట్టలో పడేశాను. ఏదో గెలిచినట్టు అనిపించింది.

ఆ తర్వాత సెలవు చూసుకుని సముద్రానికని బందరు బయల్దేరాం. మధ్యాహ్నం ఎండ. ఉయ్యూరు దాటి కాలువ వెంట వెళ్తున్నాం. చాలా రోజులకు ఆయన నవ్వుతూ కబుర్లు చెబుతున్నారు. నేను ఆయన చేతి మీద చెయ్యి వేశాను.

మీటరు బోర్డులో ఎర్రలైటు వెలిగింది.

ఎండ పడి మెరుస్తోందేమోనని అరచెయ్యి అడ్డం పెట్టాను. నా వేళ్ళ మీద ఎరుపు పడింది. కొత్త మీటరు ముల్లు ఉండాల్సిన చోటే ఉంది. ఆయన బండి పక్కకు తీసి, ఇంజన్ ఆపి, తాళం బయటికి లాగేశారు. అయినా లైటు ఆరలేదు.

భయం కంటే ముందు నాకు కోపం వచ్చింది.

"ఈసారి నేను వెనక్కి వెళ్ళను. ఇప్పుడు మీ భార్యను నేను" అన్నాను. ఆయనతో అన్నానో, ఆ లైటుతో అన్నానో నాకే తెలియదు.

ఆయన నా వైపు చూడలేదు. ముందుకు వంగి మీటరు బోర్డు అద్దం మీద చెయ్యి వేశారు.

"భద్రా, ఇక చాల్లే. తనని కూర్చోనివ్వు" అన్నారు.

లైటు ఆరిపోయింది.

బందరు వెళ్ళకుండా వెనక్కి తిప్పేశాం. నేరుగా ఆటోనగర్ వెళ్తే బాషా గారు మా ముందే బోర్డు విప్పారు. బల్బు ఉండాల్సిన చోట ఉత్త కన్నమే ఉంది.

ఆ లైటు మళ్ళీ వెలగలేదు. నేను ముందు సీట్లోనే కూర్చుంటున్నాను. తాళం తీసేసిన బండిలో, బల్బు లేని చోట వెలుగు ఎక్కడి నుంచి వచ్చిందో క్లాసులో సర్క్యూట్లు గీస్తూ కూడా ఆలోచిస్తుంటాను. ఏమీ తేలలేదు. ఆయన్ను అడిగితే "నాకు మాత్రం ఏం తెలుసు" అని లేచి వెళ్ళిపోతారు.

లైటు సంగతి ఎలా ఉన్నా, "చాల్లే" అన్న ఆ గొంతు మాత్రం నా చెవుల్లో ఉండిపోయింది. అంత మెత్తగా, అంత చనువుగా ఆయన నాతో ఇంతవరకు ఒక్కసారి కూడా మాట్లాడలేదు.

ఇప్పటికీ బండి తీసేముందు ఆయన కళ్ళు ఒకసారి మీటరు బోర్డు వైపు పోతాయి. నేను గమనిస్తూనే ఉంటాను. అక్కడ ఏమీ వెలగదు. అప్పుడు ఆయన ముఖంలో కనిపించేది ఊరటో, నిరాశో నాకింకా తెలియట్లేదు.